ప్యాకర్స్ అండ్ మూవర్స్ కాగితంలో సామాను విలువ ఎంత రాయాలి?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది నెల్లూరు, మాగుంట లేఅవుట్. నేను బ్యాంకు ఉద్యోగిని. హుబ్బళ్ళికి బదిలీ అయింది. ఇద్దరు ప్యాకర్స్ అండ్ మూవర్స్ వాళ్లతో మాట్లాడాను. ఒకరు ఫోన్‌లోనే 19 వేలు అన్నారు, రేపటికల్లా సగం పంపమంటున్నారు. ఇంకొకరు ఇంటికొచ్చి సామాను చూసి, లిస్టు రాసుకుని 34 వేలు చెప్పారు. ఆమధ్య మా తోడల్లుడి సామాను దారిలో ఆపి, ఈ-వే బిల్లు, బోర్డర్ ట్యాక్స్ అంటూ ఇంకో 12 వేలు గుంజారు. టీవీ కూడా పగిలింది. నమ్మదగినవాళ్లని ఎలా తేల్చుకోవాలి? గొడవైతే వాళ్ల హెడ్డాఫీసు ఉన్న ఊరికి పోయి కేసు వేయాలా?
- ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ముందు ఆ 19 వేల వాళ్లకి డబ్బు పంపకండి. ఇల్లు చూడకుండా చెప్పిన ధర లారీ ఎక్కించాక పెరగడం మామూలే. పైగా ఫోన్‌లో ‘నెల్లూరు బ్రాంచి’ అని చెప్పేవాళ్లలో కొందరికి ఇక్కడ ఆఫీసే ఉండదు. ఎక్కడో కూర్చుని బుకింగ్ తీసుకుని, దొరికిన లారీకి అప్పజెప్తారు. ఆటోనగర్ అనో మినీ బైపాస్ అనో అడ్రసు చెబితే ఒక సాయంత్రం వెళ్లి చూసి రండి.

రెండు నంబర్లు అడగండి. ఒకటి జీఎస్‌టీ నంబరు. జీఎస్‌టీ పోర్టల్‌లో కొడితే పేరు, అడ్రసు, ఎప్పుడు తీసుకున్నారు, ఇంకా అమల్లో ఉందా అన్నవి తెలుస్తాయి. రెండోది, రోడ్డు రవాణా చట్టం 2007 కింద ‘కామన్ క్యారియర్’ రిజిస్ట్రేషన్. ఇలా అందరి సరుకూ బాడుగకి చేరవేసేవాళ్లు రవాణా శాఖ దగ్గర ఇది తీసుకోవాలి. బుకింగ్ ఏజెంట్లూ బ్రోకర్లూ కూడా ఇందులోకే వస్తారు. అడగ్గానే మాట దాటేస్తే మీరూ అక్కడే ఆగండి. ‘ఐబీఏ (బ్యాంకుల సంఘం) అప్రూవ్డ్’ అని బోర్డు మీద రాసుకున్నా నమ్మేయొద్దు, మీ బ్యాంకులోనే ఆ జాబితా చూసుకోవచ్చు. అన్నట్టు, బదిలీ క్లెయిము కోసం ఎక్కువ మొత్తానికి బిల్లు ఇస్తామంటారు. ఒప్పుకోకండి. ఉద్యోగానికి ముప్పు, రేపు కేసు వేస్తే ఆ బిల్లే మీకు అడ్డం వస్తుంది.

ఇక అసలు సంగతి. లారీ కదిలే ముందు గూడ్స్ ఫార్వర్డింగ్ నోట్ అనే కాగితం మీద మీ సంతకం తీసుకుంటారు. అందులో సామాను విలువ రాసే గడి ఉంటుంది. హడావుడిలో చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు, లేదా ‘ఇన్సూరెన్స్ తక్కువ పడుతుంది సార్’ అన్న మాట విని పాతికవేలు రాస్తారు. చట్టం ప్రకారం, ఎక్కువ రిస్కు రేటు (పూర్తి బాధ్యత కోసం మామూలు కంటే ఎక్కువ బాడుగ) కడతానని మీరు ముందే రాసి ఇవ్వకపోతే, సామాను పోయినా పాడైనా క్యారియర్ బాధ్యత బాడుగకి పది రెట్ల దగ్గర ఆగిపోతుంది. మీరు రాసిన విలువ అంతకంటే తక్కువైతే ఆ విలువ దగ్గరే ఆగుతుంది. అంటే బాడుగ 20 వేలైతే గరిష్ఠం 2 లక్షలు. విలువ 25 వేలని రాశారా, నాలుగు లక్షల సామానుకీ ఆ పాతిక వేలే. పది రెట్ల లెక్క బాడుగ మీదే కాబట్టి ఇంకో కిటుకు గమనించండి. ప్యాకింగు 14 వేలు, బాడుగ 6 వేలు అని బిల్లు విడగొడితే మీ గరిష్ఠం 60 వేలకి పడిపోతుంది.

అందుకని ఫ్రిజ్, టీవీ, వాషింగ్ మెషిన్, బీరువా, మంచాలు అన్నిటికీ ఇప్పటి విలువ వేసి లిస్టు రాయండి. నోట్‌లో ఆ మొత్తమే వేసి, లిస్టు మీద వాళ్ల సంతకం, స్టాంపు తీసుకోండి. ఇన్సూరెన్స్ పేరుతో డబ్బు తీసుకుంటే బీమా కంపెనీ ఇచ్చిన పాలసీ కాగితం చూపించమనండి. లారీవాళ్ల బిల్లులో ‘ఇన్సూరెన్స్’ అని ఒక లైను ఉన్నంత మాత్రాన అది పాలసీ కాదు. నగలు, సర్టిఫికెట్లు మీ వెంటే ఉంచుకోండి. అడ్వాన్సు కొంచెమే, అదీ కంపెనీ ఖాతాకే పంపండి. మిగతాది సామాను దిగాక.

మీ తోడల్లుడి దగ్గర ఈ-వే బిల్లు పేరుతో గుంజింది అన్యాయం. ఈ-వే బిల్లంటే సరుకు రవాణాకి జీఎస్‌టీ కింద తీసుకునే కాగితం. వాడిన ఇంటి సామానుకి అది అక్కర్లేదని జీఎస్‌టీ నియమాల్లోనే ఉంది. ‘బోర్డర్ ట్యాక్స్’, టోలు అన్నీ 34 వేలల్లోనే అని ముందే రాయించుకుంటే బళ్ళారి దాటాక కొత్త లెక్కలు తీయడం కష్టం. మాట్లాడుకున్న బాకీ అడగడం వాళ్ల హక్కే. దానికి మించి ఇస్తేనే సామాను దించుతామని బెదిరిస్తే 112కి ఫోన్ చేయండి. క్యారియర్‌గా అప్పగించుకున్న సొత్తుని కాజేస్తే భారతీయ న్యాయ సంహిత 316(3) కింద ఏడేళ్ల దాకా జైలు. పోలీసులు ‘ఇది సివిల్ గొడవ, మా పరిధి కాదు’ అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. అయినా తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి.

హుబ్బళ్ళిలో పెట్టెలు విప్పేటప్పుడు వీడియో తీయండి. డెలివరీ కాగితం మీద ‘అన్నీ బాగా అందాయి’ అన్న ముద్ర కింద ఊరికే సంతకం పెట్టకండి. ‘టీవీ తెర పగిలింది, ఒక పెట్టె రాలేదు’ అని మీ చేత్తో రాసి పెట్టండి. తర్వాత వాట్సాప్‌లో బతిమాలుతూ నెలలు గడిపేయొద్దు. బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే క్యారియర్ మీద దావా నిలవదు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

కేసుకి వాళ్ల ఊరు పోనక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మీరు నివసించే చోట, అంటే హుబ్బళ్ళి ఉన్న ధార్వాడ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు. సామాను ఎక్కించింది ఇక్కడే కాబట్టి నెల్లూరు జిల్లా కమిషన్‌లోనూ వేయొచ్చు. బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో ‘వివాదాలన్నీ ఫలానా నగర కోర్టు పరిధిలోనే’ అని ఉన్నా మీ దారి మూసుకుపోదు. గడువు రెండేళ్లు. మీరు కట్టిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. అంతకుముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఒక ఫిర్యాదు ఇచ్చి చూడండి. కొన్ని కంపెనీలు అక్కడే దిగొస్తాయి.