సాయంత్రం కన్ను నొప్పి, బల్బు చుట్టూ సింగిడి

అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. వదినకు 48 ఏళ్లు. నెలలో మూడుసార్లు పొద్దుగూకిన తర్వాత కుడి కన్ను గుంజింది, చూపు పొగమంచు పట్టినట్టయింది, బల్బు చుట్టూ రంగుల వలయాలు కనిపించాయి. పడుకుని లేస్తే అంతా మామూలే. క్యాంపులో అద్దాల పరీక్ష చేసి బాగానే ఉందన్నారు, పరకాలలో మెడికల్ షాపు అతను చుక్కల మందు ఇచ్చాడు, ఇంకా చూపించాలా అని మీ ప్రశ్న.

చూపించండి, రేపే. ఇది నీటికాసులు (గ్లాకోమా), అంటే కంట్లో ప్రెషర్ పెరిగి కంటి నరం దెబ్బతినే జబ్బు కావచ్చని నా భయం. నేను డాక్టర్‌ను కాను, మా అమ్మకు జరిగింది చెబుతున్నాను.

మాది హనుమకొండ. సద్దుల బతుకమ్మ ముందురోజు రాత్రి అమ్మ వరండాలో తల వంచుకుని గునుగు పూల కాడలు సమంగా కోస్తోంది. అక్కడ ఉన్నది ఒక్కటే చిన్న బల్బు. "లైటు సుట్టూ సింగిడి కనవడుతాంది బిడ్డా" అంది. మేం నవ్వాం. పది దాటేసరికి కుడి కణత, కనుబొమ్మ పగిలిపోతున్నంత నొప్పి, రెండు వాంతులు. వాంతులు కదా, గ్యాస్ అనుకున్నాం. దగ్గర్లో తెరిచి ఉన్న క్లినిక్‌లోనూ అదే అనుకుని ఇంజక్షన్, తలనొప్పి గోలీ ఇచ్చి పంపారు. సింగిడి మాట మేం అక్కడ చెప్పనే లేదు, అది మా తప్పే.

తెల్లారేసరికి కన్ను ఎర్రబడింది. ఆ కంటితో నా చెయ్యి కదలడం తెలుస్తోంది కానీ వేళ్లు లెక్కపెట్టలేకపోయింది. కంటి డాక్టర్ మూసిన రెప్పల మీద వేళ్లు ఆనించి, నన్నూ మెల్లగా ఆనించి చూడమన్నారు. ఎడమ కన్ను మాగిన టమాటాలా ఉంది, కుడిది పచ్చి రేగుకాయలా గట్టిగా ఉంది. కంట్లో ప్రెషర్ 54. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉంటుందట.

కంట్లో నీరు ఎప్పుడూ ఊరుతూ, నల్లగుడ్డు అంచున ఉండే సన్నని సందులోంచి బయటికి పోతుంటుంది. కొందరికి ఆ సందు ఇరుకు. మసక వెలుతురులో కంటిపాప పెద్దదైనప్పుడు అది మూసుకుపోవచ్చు, అప్పుడు నీళ్లు నిలిచి ప్రెషర్ పెరుగుతుంది. నిద్రలో పాప చిన్నదవుతుంది కాబట్టి తోవ మళ్లీ తెరుచుకోవచ్చు. మీరు "పడుకుంటే తగ్గుతోంది" అని రాసిన చోటే నాకు గుండె జారింది.

ప్రెషర్ దించడానికి అమ్మకు మానిటాల్ ఎక్కించి, డయామాక్స్ గోలీలు, చుక్కలు ఇచ్చారు. ఆ గోలీలతో వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని ఒకటే గోల. ప్రెషర్ దిగాక లేజర్‌తో కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరలో సూదిమొనంత రంధ్రం చేశారు. ఎడమ కంటికీ చేశారు, దాని సందు కూడా అంతే ఇరుకని. కూర్చోబెట్టి, మొద్దుబారే చుక్కలు వేసి, కొద్ది నిమిషాల్లో అయిపోయింది. చూపు చాలావరకు తిరిగొచ్చింది. కానీ ఎడమ కన్ను మూసుకుంటే ముక్కువైపు నీడ పడ్డట్టు ఉంటుందని ఇప్పటికీ అంటుంది. దెబ్బతిన్న నరం మళ్లీ రాదన్నారు.

అన్నా, అద్దాల పరీక్షలో ఇది దొరకదు. నొప్పి లేని రోజు ప్రెషర్ కూడా మామూలుగానే రావచ్చు. "యాంగిల్ చూడండి, గోనియోస్కోపీ చేయండి" అని నోరు తెరిచి అడగండి. యాంగిల్ అంటే నేను చెప్పిన ఆ సందే, గోనియోస్కోపీ అంటే దాన్ని చూసే పరీక్ష. కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేయబోతే, అంతకుముందే ఈ సంగతి చెప్పండి. దూరం చూపుకు ప్లస్ పవర్ ఉందా, వాళ్ల ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నాయా అన్నది కూడా. షాపు అతను ఇచ్చిన సీసా తీసుకెళ్లండి, స్టెరాయిడ్ చుక్కలైతే ఇంకో రకంగా ప్రెషర్ పెంచవచ్చు. అప్పటిదాకా జలుబు గోలీలు, కడుపునొప్పి గోలీలు సొంతంగా వేసుకోనివ్వకండి, కొన్ని పాపను పెద్దది చేస్తాయి.

కన్ను ఎర్రగా లేదు కదా అన్న ధీమా వద్దు. మా మేనబావ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి పని చేస్తాడు. కన్ను తిప్పితే నొప్పి, ఒక కంటితో చూస్తే మిర్చి ఎరుపు వెలిసిపోయినట్టుండేది. బయటికి కన్ను శుభ్రంగానే ఉంది. అతనిది కంటి నరం వాపు, వేరే జబ్బు. దానికీ ఆలస్యం పనికిరాదు.

పగలైతే వరంగల్‌లో రీజినల్ ఐ హాస్పిటల్ ఉంది. ఈలోగా నొప్పి, మసక, వాంతి కలిసి వస్తే మాత్రం పడుకోబెట్టకండి, అది ఏ రాత్రయినా సరే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఎమర్జెన్సీకి బయలుదేరండి. అక్కడ మొదటి మాట కన్ను గురించే చెప్పండి, వాంతుల సంగతి తర్వాత. వచ్చిన ప్రతిసారీ తేదీ, టైము, అప్పుడు చీకట్లో ఉందా వెలుతురులో ఉందా రాసిపెట్టండి. మమ్మల్ని డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న అదే, ఇంతకుముందు ఎన్నిసార్లు వచ్చిందని. అమ్మ అప్పుడు చెప్పింది, ఆ రాత్రికి ముందే రెండుసార్లు వచ్చిందట.