వేసవిలో పరుగు శిక్షణ పెడుతున్న మేనకోడలికి

శ్రీకాకుళం

అమ్మలూ,

సోంపేటలో పరుగు పిల్లలకి వేసవి శిక్షణ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఏప్రిల్ నుంచి జూలై దాకా రోజూ పొద్దున్నే అట, పదకొండేళ్ళ వాళ్ళ నుంచి పదిహేడేళ్ళ వాళ్ళ దాకా అట, ఎవరి దగ్గరా పైసా తీసుకోవట. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మన ఇంట్లో యూనివర్సిటీ జట్టు తరఫున క్రాస్ కంట్రీ పరుగెత్తిన మొదటి పిల్లవి నువ్వే. ఉద్యోగం చూసుకోమని అందరూ పోరుతుంటే ఊరికొచ్చి పిల్లల్ని చేరదీస్తానంటున్నావు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఉద్దానం, మే నెల, ఎదిగే పిల్లలు. ఈ మూడూ ఒకచోట చేరితే ఏమవుతుందో డ్రిల్లు మాష్టారుగా ఆ వైపు స్కూళ్ళలో పనిచేసిన నాకు తెలుసు. ఫోన్‌లో చెబుదామంటే నువ్వు "సరే మావయ్యా, సరే" అని పెట్టేస్తావు. అందుకని రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

తెలిసిన సంగతులు ముందు ముగించేస్తాను. హాజరు పుస్తకం పెట్టు. ప్రతి పిల్ల ఇంటి ఫోన్ నంబరు అందులోనే రాసుకో. పరుగుకి ముందు ఒళ్ళు వేడెక్కించు, తర్వాత నడిపించు. అరిగిపోయిన బూట్లతో ఎవరినీ పరుగెత్తనివ్వకు. హైవే మీద మాత్రం ఒక్క అడుగు కూడా వద్దు. ఆర్మీ సెలక్షన్‌కి తయారయ్యే కుర్రాళ్ళు చీకట్లో లారీల పక్కన పరుగెడుతుంటే చూసి పిల్లలు కూడా అదే గొప్ప అనుకుంటారు. ఇది నీ ఇష్టానికి వదలడం లేదు, వద్దంటే వద్దు.

ఈ నాలుగు నెలలూ ఎందుకో నీకు స్పష్టంగా ఉండాలి. పోటీలు వానలు పడ్డాక మొదలవుతాయి, క్రాస్ కంట్రీ అయితే చలికాలం. ఇప్పుడు ఎవరినీ గెలిపించక్కర్లేదు. మంచు దేశాల్లో స్కీయింగ్‌లో దూరం పోటీలు చేసేవాళ్ళని టీవీలో చూశావు కదా, వాళ్ళు మంచు లేని నెలల్లో ఖాళీగా కూర్చోరు. చక్రాలున్న రోలర్ స్కీల మీద రోడ్డు మీద వెళ్తారు, చేతికర్రలు పట్టుకుని కొండలెక్కుతారు. ఏడాదిలో చేసే కష్టంలో పెద్ద భాగం అప్పుడే, అందులోనూ ఎక్కువ భాగం మాట్లాడుతూ చేయగలిగినంత తేలిగ్గా. మన పిల్లలకీ అంతే. పక్కవాడితో కబుర్లు చెబుతూ పరుగెత్తగలిగితే అదే సరైన వేగం. ఊపిరాడక మాట తెగిపోతుంటే ఆపి నడిపించు. వారానికి రెండు రోజులు, పరుగు చివర ఎనభై నుంచి వంద మీటర్లు చక్కటి భంగిమతో, చేతులు వదులుగా, నాలుగైదు సార్లు గట్టిగా పరుగెత్తిస్తే వేగం మరిచిపోరు. మిగతా రోజుల్లో తాడాట, ఖోఖో, మెట్టు అంచున నిలబడి మడమలు పైకి కిందికి ఎత్తడం. పిల్ల వయసెంతో వారానికి అన్ని గంటలకు మించి ఆట, శిక్షణ అన్నీ కలిపి ఉండకూడదు. పన్నెండేళ్ళ వాడికి పన్నెండు గంటలంటే అది గరిష్ఠం, నువ్వు అందులో సగంతో మొదలుపెట్టు. వారంలో ఒక రోజు పూర్తిగా సెలవు. ప్రతి నాలుగో వారం పని తగ్గించు.

టైము చూడకు. దీని గురించి మాత్రం పొడుగ్గా చెప్పాలి.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక వేసవిలో మా పక్క ఊళ్ళో పరుగు క్యాంపు పెట్టారు. నడిపినాయన మంచివాడు. తన జీతంలోంచి శెనగలు కొని నానబెట్టి మా అందరికీ పెట్టేవాడు. కానీ ప్రతి ఆదివారం 5 కిలోమీటర్లు పరుగెత్తించి, టైము చూసి, స్కూలు వరండాలో నల్లబల్ల మీద పేర్లు వరసగా రాసేవాడు. కిందటి వారం కంటే టైము తగ్గితే పేరు పక్కన ఒక నక్షత్రం గీసేవాడు. ఆ బల్ల చూడ్డానికి పిల్లల నాన్నలు వచ్చేవాళ్ళు, టీ కొట్టు దగ్గర దాని గురించే మాట్లాడుకునేవాళ్ళు. దాంతో మేం వారమంతా ఆదివారం కోసమే బతికేవాళ్ళం. తేలిగ్గా పరుగెత్తమన్న రోజు కూడా ఎవడూ తేలిగ్గా పరుగెత్తలేదు.

మా అందరిలోకీ చిన్నవాడు ఒకడుండేవాడు. పదిహేనేళ్ళు. వాళ్ళ నాన్నది కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపే పని. వాడికి సైన్యంలో చేరాలని ఆశ. వరసగా మూడు వారాలు నక్షత్రం వచ్చింది వాడికి. నాలుగో వారం నుంచి కుడికాలి పిక్కకి ముందువైపు తువ్వాలు ముక్క బిగించి కట్టుకునేవాడు. ఏంట్రా అంటే "ఇలా కడితే బాగుంటాది" అనేవాడు. ఒకరోజు చొక్కా జేబులోంచి పేపరు ముక్క తీసి విప్పాడు, అందులో రెండు నొప్పి బిళ్ళలు. పరుగుకి ముందు ఒకటి, ఇంటికెళ్ళాక ఒకటి. మందుల కొట్లో అడిగితే ఇచ్చేశారట. మాష్టారికి చెప్పొద్దని నా చెయ్యి పట్టుకున్నాడు. చెబితే ఆదివారం పరుగెత్తనివ్వరని వాడి భయం.

చివరికి కుంటడం దాచలేకపోతే ఎక్స్‌రే తీయించారు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఆ మాట వినగానే మాష్టారు "ఎముక బాగానే ఉంది, మనసు గట్టి చేసుకో" అన్నాడు. అక్కడే ఘోరం జరిగింది. ఎముకలో ఈ రకం పగులు మొదటి రెండు మూడు వారాలు చాలాసార్లు ఎక్స్‌రేలో కనబడదు. ఆ సంగతి మాలో ఎవరికీ తెలీదు. ఇంకో రెండు ఆదివారాలు పరుగెత్తాడు. రెండోసారి కాలవ గట్టు మలుపు దగ్గర కూలబడ్డాడు. జారాడేమో అనుకుని చెయ్యి అందించాను. కాలు కింద పెట్టలేకపోయాడు. సైకిల్ వెనక కూర్చోబెట్టి, ఒకరం సైకిల్ నడిపిస్తూ, ఒకరం వాడి కాలు రెండు చేతులతో పట్టుకుని ఊళ్ళోకి తెచ్చాం. ఈసారి ఎక్స్‌రేలో గీత స్పష్టంగా కనబడింది. కాలు అతికింది గాని వాడు మళ్ళీ పోటీలో దిగలేదు, సైన్యానికీ వెళ్ళలేదు. ఇన్నేళ్ళయినా కనబడినప్పుడల్లా "ఆ రోజు నేనే చెప్పేసి ఉంటే బాగుండేది" అంటాడు. పదిహేనేళ్ళ పిల్లాడు చెప్పలేని పరిస్థితి తెచ్చింది పెద్దవాళ్ళు, తప్పు వాడిది కాదు. ఎన్నిసార్లు చెప్పినా వాడు నమ్మడు.

అందుకని నీ దగ్గర బల్ల ఉండకూడదు. వాట్సాప్ గ్రూపులో టైములు పెట్టడం కూడా ఆ బల్లే. తల్లిదండ్రులు అడుగుతారు, ఒత్తిడి చేస్తారు. ఆగస్టు దాకా లేదని చెప్పు.

దీని వెనకున్న కారణం కూడా పెద్ద పిల్లలకి వివరించు. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే బలపడతాయి. "ఇంకా పరుగెత్తగలను" అనిపించేది అందుకే. ఎముక అంత త్వరగా కుదురుకోదు. కొత్త భారం పడగానే ఒళ్ళు ముందు పాత ఎముకని కొంత తొలిచేస్తుంది, ఆ తర్వాత కొత్తది వేస్తుంది. ఆ మధ్యలో, మొదలెట్టిన మూడు నాలుగు వారాల దగ్గర, ఎముక మామూలు కంటే బలహీనంగా ఉంటుంది. పిల్ల మాత్రం సరిగ్గా అప్పుడే మహా హుషారుగా ఉంటుంది. నాలుగో వారం తగ్గించమన్నది ఇందుకే.

కాలు నొప్పి అన్న పిల్లని కూర్చోబెట్టి బొటనవేలితో ఆ ఎముక వెంబడి మెల్లగా నొక్కుకుంటూ రా. జానెడు పొడవునా సలుపుతోందంటే కండ పట్టేసిన నొప్పి కావచ్చు, విశ్రాంతి, తేలిక పనితో తగ్గుతుంది. వేలి మొనంత చోట నొక్కగానే పిల్ల ఉలిక్కిపడితే, రాత్రి పడుకున్నా నొప్పి ఉంటే, అదే రోజు పరుగు ఆపించి ఎముకల డాక్టరుకి చూపించు. ఎక్స్‌రే బాగుందన్నా నొప్పి పోయేదాకా పరుగు లేదు.

నొప్పి బిళ్ళ సంగతి వేరే రాస్తున్నాను, ఎందుకంటే నీ పిల్లలు ఉద్దానం పిల్లలు. ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఏడు మండలాల్లో కిడ్నీ జబ్బు లేని వీధి లేదన్నట్టు ఉంటుంది. నా క్లాసులో పిల్లల నాన్నలు నలభై ఏళ్ళు నిండకుండా డయాలసిస్‌కి వెళ్ళడం చూశాను. నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్ళాలని సెలవు చీటీ తెచ్చే పిల్లల్ని చూశాను. ఈ జబ్బుకి కారణం ఫలానా ఒక్కటేనని పరిశోధకులు తేల్చలేదు. ఎండలో ఒంట్లో నీరు ఇంకిపోయేలా పనిచేయడం, నొప్పి మాత్రలు మింగడం కూడా అనుమానంలో ఉన్నవే. ఇప్పుడు హిరమండలం నుంచి పైపుల్లో నీళ్ళొస్తున్నాయి, పలాసలో 2023లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, సంతోషం. కానీ ఒంట్లో నీరు తగ్గినప్పుడు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి బిళ్ళ వేస్తే కిడ్నీకి వెళ్ళే రక్తం ఇంకా తగ్గిపోతుంది. ఇందులో అనుమానమేమీ లేదు. చెమటలు కక్కుతూ పరుగెత్తి ఆ బిళ్ళ మింగే పిల్ల నీ క్యాంపులో ఒక్కటి కూడా ఉండకూడదు. పిల్లలతో కోప్పడకుండా అడుగు. అమ్మమ్మ ఇచ్చిందనో, అన్న ఇచ్చాడనో చెబుతారు. అమ్మమ్మతో నువ్వే వెళ్ళి మాట్లాడు.

ఎండ గురించి. మన తీరంలో థర్మామీటరు చూసి ధైర్యపడకు. ఉక్కలో చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. ఐదింటికి మొదలుపెట్టి ఆరున్నరకి ముగించు. ఒళ్ళు ఎండకి అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, ఆ రోజుల్లో సగం పనే. సెలవులకి అమ్మమ్మగారింటికి వెళ్ళి వారం తర్వాత వచ్చిన పిల్లకి మళ్ళీ మొదటి నుంచే. పొద్దున లేవగానే మూత్రం ముదురు పసుపుగా ఉంటే ఆ రోజు పరుగు వద్దని వాళ్ళకే నేర్పు. పిల్ల తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే వడదెబ్బే అనుకో. 108కి ఫోన్ చేయించు, బండి కోసం చూస్తూ కూర్చోకు, నీడలోకి లాగి బకెట్లతో నీళ్ళు గుమ్మరించు. ముందు చల్లబరచడం, ఆ తర్వాతే ఆసుపత్రి. రెండు డ్రమ్ముల నీళ్ళు గ్రౌండులో ఉంటేనే పరుగు మొదలవ్వాలి, ఒకటి తాగడానికి, ఒకటి దీనికి.

ఇంకో సంగతి నీకు తట్టి ఉండదు. బడి ఉన్నన్నాళ్ళూ పిల్లలకి మధ్యాహ్నం అన్నం, గుడ్డు, చిక్కీ, రాగిజావ దొరుకుతాయి. సెలవుల్లో అవన్నీ ఆగిపోతాయి. నువ్వు పని పెంచేది సరిగ్గా తిండి తగ్గే నెలల్లోనే. నిన్న రాత్రి ఏం తిన్నావని రోజూ అడుగు. పరుగు అయ్యాక ఇంటికి పంపేముందు చోడి (రాగి) అంబలి ఒక గ్లాసు, ఉప్పేసిన మజ్జిగ, గుప్పెడు వేరుశెనగలు, బెల్లం ముక్క పెట్టాలి. దీనికయ్యే ఖర్చు నేను పెట్టుకుంటాను. ఈ విషయంలో మొహమాటపడితే నాకు కోపమొస్తుంది.

ఆడపిల్లలు నీతో చెప్పుకోగలరు. నా ఉద్యోగమంతా వాళ్ళు నాతో చెప్పలేకపోయిన సంగతులున్నాయి. నెలసరి మొదలైన పిల్లకి రెండు మూడు నెలలు ఆగిపోతే, తిండి చాలకో, పని మించో అయ్యుండొచ్చు, అలా అయితే ఎముకలు కూడా బలహీనపడతాయి. పరుగు తగ్గించి డాక్టరమ్మకి చూపించు. రక్తం తక్కువున్న పిల్ల ఎంత కష్టపడినా వెనకబడుతుంది, ఆ పిల్లని బద్ధకమని తిట్టకు. నువ్వు పదమూడేళ్ళప్పుడు అలాగే ఆయాసపడితే మీ అమ్మ ఎంత కంగారుపడిందో నాకు గుర్తుంది. ఐరన్ మాత్రలు వాడాక నువ్వు మళ్ళీ చెంగుచెంగున పరుగెత్తావు.

నేల విషయంలో నువ్వు అదృష్టవంతురాలివి. జీడితోటల్లో ఇసుక బాటలు కాళ్ళకి మెత్తన, తిత్లీ తుఫాను పడగొట్టగా మిగిలిన తోటల్లో కొంచెం నీడ కూడా ఉంది. వారానికి మూడు రోజులు అక్కడే పరుగెత్తించు. బారువ బీచికి ఆదివారం తీసుకెళ్ళొచ్చు, నీరు వెనక్కి తగ్గినప్పుడు తడి ఇసుక గట్టిగా ఉంటుంది. అయితే ఒడ్డు సముద్రం వైపు వాలుగా ఉంటుంది, ఒకేవైపు పరుగెత్తితే ఒక కాలి మీదే భారం పడుతుంది. వెళ్ళినంత దూరం అదే గీత మీద వెనక్కి రావాలి. మెత్తటి ఇసుకలో ఎక్కువసేపు వద్దు, మడమ వెనక నరం పట్టేస్తుంది. సముద్రంలో దిగనివ్వకు. అలసిన పిల్లలకి అల కనబడితే ఆగలేరు, ఒక పెద్దమనిషి నీళ్ళ వైపు నిలబడి ఉండాల్సిందే.

మొదటి రెండు వారాలు నేను వచ్చి ఉంటాను. పరుగెత్తించేది నువ్వే, నేను అడ్డు రాను, నీళ్ళ డ్రమ్ములు, అంబలి చూసుకుంటాను. తల్లిదండ్రుల మీటింగు మాత్రం నేను వచ్చాకే పెట్టు. టైములు ఎందుకు రాయరని వాళ్ళు గట్టిగా అడుగుతారు, ఆ జవాబు నేను చెబుతాను. మేడ మీద గదిలో ఫ్యాను బాగు చేయించమని మీ అమ్మతో చెప్పు.

మీ మావయ్య