టోపీ ప్లేటులా వస్తోందా, గిన్నెలా వస్తోందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం టోపీల గురించే ఉన్నాయి, కాబట్టి స్వెటర్ల వాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న: మేడం, నేను క్రోషియా టోపీ పైనుంచి మొదలుపెడతాను. ఒక్కోసారి లంగా అంచులా కుచ్చులు కుచ్చులుగా వస్తోంది, ఒక్కోసారి గిన్నెలా ముడుచుకుపోయి నెత్తి మీదే కూర్చుంటోంది. కుట్లు ఎంతవరకు పెంచాలి, ఎక్కడ ఆపాలి?

జవాబు: నాకు టోపీల్లో అన్నిటికంటే ఇష్టమైన పని ఇదేనండీ, పైనుంచి కిందకి అల్లడం, ఎందుకంటే మధ్యలో ఎప్పుడు కావాలంటే అప్పుడు తల మీద పెట్టి చూసుకోవచ్చు, నచ్చకపోతే రెండు వరసలు లాగేయొచ్చు. మ్యాజిక్ రింగ్‌లో (లాగితే మధ్య కన్నం మూసుకుపోయే దారపు చుట్టు) 12 పొడుగు కుట్లు వేయండి (దారం సూదికి ఒకసారి చుట్టి వేసేది), రెండో వరసలో ప్రతి కుట్టులో రెండేసి, అంటే 24, మూడో వరసలో ఒకటి మామూలుగా, తర్వాత దాంట్లో రెండు, అలా 36, ఆ పైన 48, 60. వరసకి 12 చొప్పున పెరగాలి. అదే పొట్టి కుట్టు (దారం ముందుగా చుట్టకుండా వేసేది) అయితే 6తో మొదలుపెట్టి 6 చొప్పునే. కుచ్చులు వస్తున్నాయంటే ఎక్కడో ఎక్కువ పెంచేశారని, గిన్నె అవుతోందంటే పెంచడం మర్చిపోయారని లేదా చెయ్యి బాగా బిగుతుగా ఉందని అర్థం, అప్పుడు సూది ఒక సైజు పెద్దది తీసుకుని చూడండి.

ఇక ఎక్కడ ఆపాలంటే, వరసలు లెక్కపెట్టకండి, టేపు తీయండి. తల చుట్టుకొలత 56 సెంటీమీటర్లు అనుకోండి, టోపీ కాస్త పట్టి ఉండాలి కదా, 4 తీసేస్తే 52, దాన్ని 3.14తో భాగిస్తే దాదాపు 16.5. మీ గుండ్రటి ముక్క ఈ చివరి నుంచి ఆ చివరికి 16.5 సెంటీమీటర్లు రాగానే పెంచడం ఆపేసి అవే కుట్లతో కిందకి దిగండి. చాలామంది టోపీ తల కొలతకి సరిగ్గా సమానంగా అల్లి, నాలుగు రోజులకి కళ్ళ మీదకి జారుతోందని రాస్తారు, జారక ఏం చేస్తుంది! ఇంకో మాట, పెంచే కుట్టు ప్రతి వరసలో ఒకేచోట పడితే గుండ్రం పోయి మూలలు తేలతాయి, వరసవరసకి కాస్త పక్కకి జరపండి.

ప్రశ్న: నాది రెండు సూదుల అల్లిక. టోపీ బాగానే వస్తుంది కానీ అంచు ఎంత బిగుతంటే తీసాక నుదుటి మీద గీత పడుతోంది. రెండు సూదులు కలిపి పట్టుకుని కుట్లు ఎక్కించమన్నారు, అలా చేసినా తేడా లేదు. పైన ఎలా ముగించాలో కూడా చెప్పండి.

జవాబు: నేనూ చాలా ఏళ్ళు ఆ రెండు సూదుల చిట్కానే నమ్మానండీ. దానివల్ల మొదటి వరస లూపులు పెద్దవవుతాయంతే, అంచు సాగదు, ఎందుకంటే సాగేది కుట్టుకీ కుట్టుకీ మధ్య ఉన్న దారం. కాబట్టి ఒకే సూదితో ఎక్కించండి, కానీ ఒక్కో కుట్టు పక్కన సన్నగా ఖాళీ ఉండేలా చూపుడు వేలితో కుట్టుని ఆపి పట్టుకుని తర్వాతది వేయండి. ఓపిక ఉంటే జర్మన్ ట్విస్టెడ్ అనే పద్ధతి నేర్చుకోండి, దారాన్ని ఒక మెలిక ఎక్కువ తిప్పుతారు, బాగా సాగుతుంది. దాని మీద రెండు సీదా రెండు ఉల్టా రిబ్బు (నిలువు గీతలతో సాగే అంచు) వేస్తే ఇక గీత పడదు.

పైన ముగించడం కూడా అడిగారు. 104 కుట్లు ఉంటే 8 భాగాలు, భాగానికి 13. 11 సీదా వేసి రెండు కలిపి ఒకటి, చుట్టంతా అలాగే. తర్వాత చుట్టు మామూలుగా, ఆ పైన 10 వేసి రెండు కలపడం. సగం తగ్గాక మధ్యలో మామూలు చుట్టు మానేయండి, లేకపోతే పైన మొన తేలుతుంది. చివరికి మిగిలిన 8 కుట్లలోంచి దారం రెండుసార్లు దూర్చి లాగితే కన్నం మూసుకుపోతుంది.

ప్రశ్న: కాటన్ దారంతో అల్లిన టోపీ ఉతికాక వదులైపోయింది, ఎందుకు?

జవాబు: ఊలుకి సాగి వెనక్కొచ్చే గుణం ఉంది, కాటన్‌కి అది చాలా తక్కువ. ఈసారి చుట్టుకొలతలో ఇంకో రెండు సెంటీమీటర్లు తగ్గించి అల్లండి, తడిది వేలాడదీయకుండా పరిచి ఆరబెట్టండి.

ప్రశ్న: పుస్తకంలో చెప్పిన వరసలన్నీ వేసినా నా టోపీ చెవులదాకా కూడా రాలేదు. డబుల్ క్రోషియా అనే రాసి ఉంది, నాకొచ్చిన పొట్టి కుట్టే వేసాను.

జవాబు: ఇది మీ తప్పు కాదు. బ్రిటిష్ వాళ్ళు డబుల్ అనేదే (పొట్టి కుట్టు) అమెరికా వాళ్ళకి సింగిల్, అమెరికా డబుల్ (పొడుగు కుట్టు) బ్రిటిష్ వాళ్ళకి ట్రెబుల్. మీ పుస్తకం అమెరికాదై ఉంటుంది, మీరు నేర్చుకున్నది బ్రిటిష్ పద్ధతి. ఎక్కడన్నా సింగిల్ క్రోషియా అనే మాట కనిపిస్తే అది చాలావరకు అమెరికా నమూనానే, ఇప్పటి బ్రిటిష్ వాటిలో ఆ పేరు సాధారణంగా ఉండదు. విప్పకండి, కింద ఇంకో ఐదారు వరసలు వేసుకుంటూ పోతే చెవులు కప్పుతుంది.