అద్దె పోర్షన్‌కి 55,000 అప్పు ఎందుకమ్మా?

ప్రశ్న: మాది సింగరాయకొండ. నెల్లూరులో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది, ఈ ఆషాఢంలోనే చేరాలి. చేతికి 19,000 వస్తుంది. వేదాయపాళెంలో నేనూ నా ఫ్రెండూ కలిసి ఒక పోర్షన్ తీసుకుంటున్నాం. అద్దె 8,000, అడ్వాన్సు రెండు నెలలు, అన్నీ చెరిసగం. నా దగ్గర 30,000 ఉన్నాయి. ఇంటికి నెలనెలా 4,000 పంపాలి. మంచం, పరుపు, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ కలిపి 55,000 అట. ముందు ఒక్క రూపాయి కట్టక్కర్లేదు, నెలకు 2,750 చొప్పున 24 నెలలు కడితే చాలు, వడ్డీ ఏడాదికి 10 శాతమే అన్నారు షాపులో. తీసుకోమంటారా? రీల్స్‌లో కనిపించే గదుల్లా నా గది కూడా అందంగా ఉండాలని ఆశ.

జవాబు: ముందు ఆ 10 శాతం సంగతి చూద్దాం. 2,750 చొప్పున 24 నెలలంటే 66,000. అంటే వడ్డీ 11,000. షాపువాళ్లు 55,000కి ఏడాదికి 10 శాతం చొప్పున రెండేళ్లకు లెక్క వేశారు. కానీ మీరు మొదటి నెల నుంచే అసలు తీరుస్తూ వస్తారు కదా. ఏడాది తిరిగేసరికి దాదాపు 25,000 అసలు తీరిపోయి ఉంటుంది, వడ్డీ మాత్రం ఇంకా 55,000 మీదే నడుస్తుంటుంది. తగ్గుతున్న బాకీ మీద లెక్క కడితే ఇది నూటికి రూపాయిన్నర వడ్డీ. ఏడాదికి 18 శాతం. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే ఇంకాస్త పెరుగుతుంది. ఊళ్లో నోటు రాసి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకోవడానికి భయపడే మనం, ఏసీ షోరూమ్‌లో రూపాయిన్నర వడ్డీకి నవ్వుతూ సంతకం పెట్టేస్తాం! ఈసారి వెళ్లినప్పుడు ‘రొక్కం ఇస్తే ఎంతకిస్తారు?’ అని అడిగి చూడండి. ధర తగ్గిస్తే, ఆ తగ్గింపు కూడా మీ వడ్డీ కిందే లెక్క.

ఇంకో మాట. ఆ అప్పు మీ ఒక్కరి పేరు మీదే ఉంటుంది. రేపు మీ ఫ్రెండ్‌కి పెళ్లి కుదిరి వెళ్లిపోయినా, మీకు వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చినా వాయిదా ఆగదు. ఒక్క నెల తప్పితే సిబిల్‌లో, అంటే మీరు అప్పులు ఎలా తీరుస్తున్నారో చూపే రికార్డులో పడుతుంది.

ఇప్పుడు మీ 30,000. అడ్వాన్సులో మీ వాటా 8,000 పోతే మిగిలేది 22,000. మొదటి జీతం చేతికొచ్చేదాకా అద్దె, తిండి, ఆటోలు, కరెంటు కోసం 10,000 పక్కన పెట్టేయండి. ఇంటి సామానుకి మిగిలేది 12,000. అదీ ఒక్కసారే ఖర్చు పెట్టొద్దు. ఒక నెల ఆ ఇంట్లో ఉంటే ఏది కావాలో ఇల్లే చెబుతుంది.

అద్దె ఇంటికి ఏం కొన్నా నేను ఒకటే చూసుకోమంటాను: ఖాళీ చేసే రోజు అది ఒక్క ట్రాలీ ఆటోలో పడుతుందా? నా మొదటి గదికి నేను చీమకుర్తి నుంచి కోత పెట్టగా మిగిలిన గ్రానైట్ ముక్క తెచ్చి, సిమెంటు ఇటుకల మీద పెట్టి టేబుల్ చేశాను. చాలా చౌక, చూడ్డానికి బ్రహ్మాండం. ఖాళీ చేసే రోజు దాన్ని ఎత్తేవాడు దొరక్క అక్కడే వదిలేసి వచ్చాను.

మంచం విషయంలో పిసినారితనం వద్దు గానీ, 18,000 డబుల్ కాట్ కూడా వద్దు. పరుపు నేల మీద వేసుకుంటే సరిపోతుందని కొందరు చెబుతారు. నెల్లూరులో అది కుదరదు. మనకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. కింది పోర్షన్ అయితే నేల చెమ్మగిల్లి పరుపు అడుగు బూజు పడుతుంది. నవ్వారు మంచం గానీ ఇనుప మడత మంచం గానీ చూడండి. గాలి ఆడుతుంది, పగలు గోడకి ఆనిస్తే గదంతా ఖాళీ. చౌక చెక్కపొడి అలమరాలు కూడా ఆ వానలకే ఉబ్బుతాయి.

వంటకి 5 కిలోల ఛోటూ సిలిండర్ చాలు. అడ్రస్ ప్రూఫ్ లేకపోయినా గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు. ఏదీ ఇద్దరూ కలిపి సగం సగం వేసుకుని కొనొద్దు. స్టవ్ మీది, మిక్సీ ఆమెది అనుకోండి. విడిపోయే రోజు మిక్సీని సగానికి కోయలేరుగా! వాషింగ్ మెషిన్ ఊసు ఈ ఏడాది మర్చిపోండి.

ఇక అందం. ఆశ పడటం తప్పేం కాదు, రోజంతా ల్యాబ్‌లో నిలబడి వచ్చే మనిషికి కళ్లకి ఇంపైన గది కావాలి. అయితే డబ్బు గోడకి పెట్టకండి. వాల్‌పేపర్ పీకితే సున్నం ఊడొస్తుంది, ఓనరు పెయింటింగ్ పేరు చెప్పి అడ్వాన్సులో కోసుకుంటాడు. చేరే రోజే ప్రతి గోడనీ ఫోన్లో ఫొటో తీసి ఓనరుకి వాట్సాప్ పెట్టండి. అగ్రిమెంటులో పెయింటింగ్‌కి ఎంత కోస్తారో రాయించుకోండి.

గది రూపు మార్చేవి రెండే: వెలుతురు, గుడ్డ. తెల్లటి ట్యూబ్‌లైటుతో పాటు మంచం దగ్గర 9 వాట్ల పసుపు కాంతి ఎల్‌ఈడీ బల్బు ఒకటి పెట్టండి. కర్టెన్లకి అమ్మ పాత నూలు చీర అడగండి, వెంకటగిరిదైతే మరీ మంచిది. ఐదున్నర మీటర్ల చీరలో ఏడడుగుల తెరలు రెండు వస్తాయి, టైలరు చేత అంచు మడిచి కుట్టిస్తే అయిపోయింది. ఖాళీ చేసేటప్పుడు మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. అమ్మకి చెప్పకుండా మాత్రం కత్తెర వేయొద్దు. కుర్చీలూ స్టూళ్లూ కావాలంటే సంక్రాంతి దాకా ఆగి, భోగి మంటలో వేయడానికి బయట పెట్టిన వాటి మీద ఓ కన్నేయండి. కాలు ఒకటి ఊగుతుందని మంచి టేకు కుర్చీలు కాల్చేసేవాళ్లని చూశాను.

ఫ్రిజ్ మాత్రం కావాలి, వేసవిలో మరీనూ. ఆ 2,750నే జీతం పడిన మర్నాడు బ్యాంకులో ఆరు నెలల ఆర్‌డీకి (నెలనెలా కట్టే డిపాజిట్) వెళ్లేలా పెట్టండి. ఆరు నెలలకి 16,500, పైన కొంచెం వడ్డీ. షాపువాళ్లు మీకు చెప్పిన ఫ్రిజ్ 15,000 చిల్లర మోడలే అయితే రొక్కమిచ్చి తెచ్చుకోవచ్చు. సెకండ్ హ్యాండ్‌ది చూస్తే, తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి. నోటు తేలిగ్గా జారి వచ్చేస్తే తలుపు రబ్బరు పోయినట్టే, రబ్బరు ఖర్చు తగ్గించి బేరమాడండి. ఇంటికి తెచ్చాక నిలబెట్టి కొన్ని గంటలు ఉంచి, ఆ తర్వాతే స్విచ్ వేయండి.