కంప్యూటర్ లోపల యూఎస్‌బీ పోర్టులు పెంచుకోవడం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నా డెస్క్‌టాప్ మదర్‌బోర్డు మీద 9 పిన్నుల యూఎస్‌బీ హెడర్లు (లోపలి కేబుళ్లు తగిలించే పిన్నుల గుంపులు) రెండే ఉన్నాయి. ఒకదానికి క్యాబినెట్ ముందువైపు పోర్టుల కేబుల్, రెండోదానికి ప్రాసెసర్‌ను చల్లబరిచే లిక్విడ్ కూలర్ కేబుల్ తగిలించి ఉన్నాయి. ఇప్పుడు ఫ్యాన్ల లైట్లను నడిపే కంట్రోలర్‌నూ, బ్లూటూత్ కూడా ఉన్న వైఫై కార్డునూ అదనంగా పెట్టుకోవాలి. ఆ రెండూ అలాంటి హెడర్‌నే అడుగుతున్నాయి. ఒక హెడర్‌ను రెండుగా చీల్చే కేబుల్ దొరుకుతోంది. అది సరిపోతుందా, ఒక పోర్టును ఎక్కువ పోర్టులుగా పంచే హబ్ కొనక తప్పదా?

జవాబు: కేబుల్ సంగతి తేల్చే ముందు మీ హెడర్‌లో నిజానికి ఏముందో చూడాలి. అందులో పిన్నులు రెండు వరసలుగా ఉంటాయి. వరసకు ఐదు చొప్పున పది స్థానాలుంటే, ఒక మూల స్థానంలో పిన్ను ఉండదు; ప్లగ్గు తిరగబడకుండా ఉండేందుకే ఆ ఏర్పాటు. ఒక్కొక్క వరస ఒక పూర్తి పోర్టు. మొదట 5 వోల్టుల కరెంటు, తర్వాత డేటాకు రెండు పిన్నులు, ఆ తర్వాత గ్రౌండు, ఇంతటితో ఒక పోర్టు పూర్తవుతుంది. అంటే మనం ఒకటిగా లెక్కపెట్టే హెడర్‌లో రెండు పోర్టులున్నాయన్నమాట. లిక్విడ్ కూలర్‌కు సాధారణంగా ఒక పోర్టు చాలు కాబట్టి, మీ రెండో హెడర్‌లో ఒక వరస ఖాళీగానే పడి ఉండే అవకాశం ఎక్కువ. కూలర్ ప్లగ్గును బయటికి తీసి వెలుతురులో చూడండి. దానిలోకి నాలుగైదు తీగలే వెళ్తూ, అవన్నీ ఒకే వరసలో ఉంటే మీ అనుమానం తీరినట్టే.

ఇక చీల్చే కేబుళ్లలో రెండు రకాలున్నాయి. బయటికి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. మొదటి రకంలో ఒక కొనకు మొదటి వరస, రెండో కొనకు రెండో వరస వెళ్తుంది. ఒక్కొక్క పరికరానికి విడిగా డేటా దారి దొరుకుతుంది కాబట్టి ఇది పద్ధతైన ఏర్పాటు. అయితే పరికరం ప్లగ్గులో తీగలున్న వరస, కేబుల్ కొనలో పిన్నులు పనిచేసే వరస ఒకటే అయి ఉండాలి. లేకపోతే తగిలించినా ఏమీ జరగదు. రెండో రకంలో తీగలన్నిటినీ రెండు కొనలకూ కలిపేసి ఉంచుతారు. ఇది లైట్లకు కరెంటు ఇస్తుందేమో గానీ రెండు పరికరాలనూ పనిచేయించలేదు. కొత్తగా తగిలించిన ప్రతి యూఎస్‌బీ పరికరం మొదట సున్నా అనే చిరునామాతోనే జవాబు చెబుతుంది. ఆ తర్వాతే కంప్యూటర్ దానికి 1 నుంచి 127 లోపు సొంత చిరునామా కేటాయిస్తుంది. ఒకే తీగల మీద రెండు పరికరాలుంటే రెండూ ఒకేసారి సున్నాకు బదులు పలుకుతాయి, సంకేతాలు కలగాపులగం అవుతాయి, కంప్యూటర్ ఏ ఒక్కదాన్నీ సరిగా గుర్తించలేకపోతుంది. హబ్‌లో ఉండే చిప్పు ఈ చిక్కును తీర్చడానికే ఉంది. అది తన పోర్టులను ఒకదాని తర్వాత ఒకటిగా తెరిచి, ఒక్కొక్క పరికరాన్ని విడివిడిగా పరిచయం చేస్తుంది. అందుచేత డేటా ఏ దారిన వస్తోంది, కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది అనే రెండు ప్రశ్నలకు జవాబు చెప్పని వస్తువును, అది ఎన్ని పోర్టులు ఇస్తానన్నా కొనకండి.

మీకు కావలసినవి రెండు పోర్టులు, కూలర్ పక్కన మిగిలేది ఒక వరస. హబ్ దాకా వెళ్లకముందు మదర్‌బోర్డు అంచుల్లో 19 పిన్నుల హెడర్ ఖాళీగా ఉందేమో చూడండి. అది యూఎస్‌బీ 3.0 కోసం పెట్టినదే అయినా, దానిలోని రెండు పోర్టులకూ యూఎస్‌బీ 2.0 డేటా తీగలు కూడా ఉంటాయి. 19 పిన్నులను 9 పిన్నులుగా మార్చే చిన్న అడాప్టరు పెడితే అది మామూలు 2.0 హెడర్‌లా పనిచేస్తుంది. క్యాబినెట్ ముందువైపు యూఎస్‌బీ 3.0 పోర్టులు లేనివారికి ఇంతకంటే శుభ్రమైన మార్గం లేదని నా అభిప్రాయం.

ఆ హెడర్ కూడా ఖాళీ లేకపోతే లోపల బిగించే హబ్ తీసుకోండి. అది ఒక 9 పిన్నుల హెడర్‌కు తగులుకొని మూడో నాలుగో హెడర్లను ఇస్తుంది. ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పెట్టె) నుంచి, హార్డ్ డిస్కులకు వాడే సాటా పవర్ ప్లగ్గు ద్వారా నేరుగా కరెంటు తీసుకునేదే ఎంచుకోండి. ఈ ఒక్క విషయంలో రాజీ పడవద్దు. యూఎస్‌బీ 2.0 నిబంధనల ప్రకారం మదర్‌బోర్డు ఒక పోర్టుకు 500 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది. సొంత పవర్ లేని హబ్ ఆ ఐదు వందల్లోనే తన చిప్పును నడుపుకొని, మిగిలినది పోర్టుకు 100 చొప్పున పంచాలి. తన పంపు మోటారు సమాచారం చెప్పే కూలర్‌కు అది చాలవచ్చు గానీ, కొన్ని కంట్రోలర్లకు చాలదు. చాలనప్పుడు పరికరం ఆగిపోవడం కంటే ఎక్కువగా అప్పుడప్పుడు మాయమై మళ్లీ ప్రత్యక్షమవుతూ ఉంటుంది, లోపం ఎక్కడుందో తెలియక మనం డ్రైవర్లను తిట్టుకుంటూ ఉంటాము.

హబ్ వచ్చాక ఏది ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. రెండో హెడర్‌కు మొదటి రకం చీల్చే కేబుల్ పెట్టి, ఒక వరసను బ్లూటూత్‌కు సొంత పోర్టుగా, రెండోదాన్ని హబ్‌కు ఇచ్చి, కూలర్‌నూ లైట్ల కంట్రోలర్‌నూ హబ్‌కు మార్చండి. ఇలాంటి పరికరాలు ఎక్కువగా సెకనుకు 12 మెగాబిట్ల పాత వేగంతో మాట్లాడతాయి. దాన్ని 480 మెగాబిట్ల దారిలోకి మార్చే భాగం చాలా హబ్ చిప్పుల్లో ఒక్కటే ఉంటుంది కాబట్టి, పోర్టులన్నీ ఆ 12 మెగాబిట్లనే పంచుకోవలసి వస్తుంది. ఉష్ణోగ్రత అంకె ఒక క్షణం ఆలస్యంగా వస్తే నష్టం లేదు, కానీ హెడ్‌ఫోన్‌లో పాట తెగితే వెంటనే తెలుస్తుంది.

బిగించేటప్పుడు ఎస్ఎంపీఎస్ స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, పవర్ బటన్‌ను ఒకసారి నొక్కి మిగిలిన కరెంటును పోగొట్టండి. హబ్‌కు ప్లాస్టిక్ పెట్టె లేకుండా సర్క్యూట్ బోర్డు బయటికే కనిపిస్తుంటే, దాని అడుగు క్యాబినెట్ రేకుకు తగలకుండా మందపాటి టేపు వేయండి.

ప్రశ్న: నేను వాడే డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు లైసెన్స్ డాంగిల్ (లైసెన్స్ ఉందని రుజువు చూపే చిన్న యూఎస్‌బీ పరికరం) ఎప్పుడూ తగిలించి ఉండాలి. బయట ఉంచితే ఎవరైనా తీసేస్తారనీ, చెయ్యి తగిలి విరుగుతుందనీ భయం. దాన్ని క్యాబినెట్ లోపలే పెట్టేయవచ్చా? వైర్‌లెస్ కీబోర్డు రిసీవర్‌ను కూడా లోపలికి మార్చాలనుకుంటున్నాను.

జవాబు: డాంగిల్‌ను నిరభ్యంతరంగా లోపల పెట్టుకోవచ్చు. సర్వర్ కంప్యూటర్లలో కొన్నిటికి సరిగ్గా ఇలాంటి అవసరాల కోసమే మదర్‌బోర్డు మీద మామూలు ఆకారపు యూఎస్‌బీ సాకెట్ ఒకటి ఉంటుంది. మీకు అది లేదు కాబట్టి 9 పిన్నుల హెడర్‌ను సాధారణ సాకెట్‌గా మార్చే అడాప్టరు కావాలి. అడాప్టర్లలో హెడర్ మీద నిటారుగా గుచ్చేవీ ఉన్నాయి, జానెడు కేబుల్ చివర సాకెట్ ఉండేవీ ఉన్నాయి. నేను కేబుల్ ఉన్నదాన్నే సిఫారసు చేస్తాను. నిటారుగా గుచ్చినదాని మీద పొడవాటి డాంగిల్ నిలబడితే, దానికి ఏ మాత్రం తాకినా ఆ బరువంతా సన్నని పిన్నుల మీద పడి అవి వంగుతాయి. పైగా ఈ హెడర్లు బోర్డు అడుగు అంచున ఉంటాయి కాబట్టి, పొడవైన గ్రాఫిక్స్ కార్డు ఉన్నచోట పైన జాగా కూడా చాలదు. కేబుల్ అయితే సాకెట్‌ను గాలి ఆడే చోటికి తెచ్చి, క్యాబినెట్ చట్రానికి కట్టుకోవచ్చు.

మీ కంప్యూటర్ పాతదైతే ఒక హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. ఒకప్పటి మదర్‌బోర్డుల మీద ఫైర్‌వైర్ అనే వేరే రకం కనెక్షన్‌కు హెడర్ కూడా ఉండేది. దానికి కూడా అదే ఆకారం, అవే తొమ్మిది పిన్నులు. దాని పక్కన 1394 అనే అంకె ముద్రించి ఉంటుంది. దానిలో 12 వోల్టుల కరెంటు ఉంటుంది కాబట్టి, 5 వోల్టుల కోసం తయారైన డాంగిల్‌ను పొరపాటున అక్కడ పెడితే కాలిపోతుంది. విలువైన లైసెన్స్ ఉన్న డాంగిల్ విషయంలో, మదర్‌బోర్డు పుస్తకంలోని బొమ్మను బోర్డు మీది అక్షరాలతో పోల్చుకున్న తర్వాతే చెయ్యి పెట్టండి.

కీబోర్డు రిసీవర్‌ను మాత్రం లోపల పెట్టవద్దు. చుట్టూ ఉన్న ఇనుప రేకు రేడియో సంకేతాన్ని అడ్డుకుంటుంది. దానికి తోడు యూఎస్‌బీ 3.0 కేబుళ్ల నుంచీ, కనెక్టర్ల నుంచీ పుట్టే విద్యుత్ రొద 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ పరికరాలను దెబ్బతీస్తుందని ఇంటెల్ సంస్థ 2012లోనే ఒక సాంకేతిక పత్రంలో వివరించింది. క్యాబినెట్ లోపల ఆ కేబుళ్ల పక్కనే రిసీవర్‌ను ఉంచితే అక్షరాలు ఎగిరిపోవడం ఖాయం.

ప్రశ్న: నా పాత మదర్‌బోర్డుకు యూఎస్‌బీ 3.0 లేదు, కొత్తగా తెచ్చిన క్యాబినెట్ ముందువైపు కేబుల్‌కు 19 పిన్నుల ప్లగ్గు ఉంది. 9 పిన్నుల హెడర్‌కు తగిలే అడాప్టరు పెట్టాలా, మదర్‌బోర్డు స్లాట్‌లో గుచ్చే పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు పెట్టాలా?

జవాబు: మౌస్, కీబోర్డు, అప్పుడప్పుడు ఒక పెన్ డ్రైవ్, ఇంతే మీ వాడకమైతే అడాప్టరు చాలు. పోర్టులు నీలం రంగులో ఉన్నా వేగం మాత్రం యూఎస్‌బీ 2.0 వేగమే ఉంటుందని తెలిసి పెట్టుకోండి. పోర్టబుల్ డిస్కుల్లోకి పెద్ద ఫైళ్లు కాపీ చేసేవారికి కార్డే సరైనది. వెనక బయటికి పోర్టులతో పాటు, కార్డు మీదే లోపలివైపు 19 పిన్నుల హెడర్ ఉన్నది చూసి తీసుకోండి.

వేగం సంగతి కార్డు కంటే ఎక్కువగా స్లాట్ మీద ఆధారపడుతుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ రెండో తరం చిన్న స్లాట్‌లో సెకనుకు గరిష్ఠంగా 500 మెగాబైట్లు ప్రవహిస్తాయి. ఒక యూఎస్‌బీ 3.0 పోర్టు నిండుగా నడవడానికి అది సరిపోతుంది. మొదటి తరం స్లాట్ అయితే అందులో సగమే. కార్డు మీద నాలుగు పోర్టులున్నా ఆ నాలుగూ పంచుకునేది ఆ ఒక్క దారినే.

కరెంటు దగ్గర చాలామంది తప్పులో కాలేస్తారు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో 12 వోల్టులు, 3.3 వోల్టులు ఉంటాయి గానీ యూఎస్‌బీకి కావలసిన 5 వోల్టులు అసలు ఉండవు. అందువల్ల కార్డు 12 వోల్టులను తనే తగ్గించుకోవాలి, లేదా ఎస్ఎంపీఎస్ నుంచి విడిగా 5 వోల్టులు తీసుకోవాలి. యూఎస్‌బీ 3.0 పోర్టుకు 900 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలని నిబంధన. నాలుగు పోర్టులకు 3.6 ఆంపియర్లు, అంటే 18 వాట్లు. చిన్న స్లాట్‌లో 12 వోల్టుల తీగ ఇవ్వగలిగింది అర ఆంపియరు, అంటే 6 వాట్లు మాత్రమే. సాటా పవర్ ప్లగ్గులోని 5 వోల్టుల పిన్నులు మూడు కలిసి 4.5 ఆంపియర్ల దాకా భరిస్తాయి కాబట్టి, కార్డు మీద ఆ ప్లగ్గుకు చోటుంటే దాన్ని తప్పక తగిలించండి. దాన్ని వదిలేసినవారికి మౌస్ పనిచేసి, హార్డ్ డిస్కు మాత్రం టిక్కుటిక్కుమంటూ తిరగలేక ఆగిపోతుంది.

విండోస్ 8 నుంచి యూఎస్‌బీ 3.0 డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది. విండోస్ 7 వాడుతుంటే కార్డు తయారీదారు ఇచ్చిన డ్రైవర్ వేసుకోవాలి. పాత మదర్‌బోర్డుల బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాం) చాలావరకు ఇలాంటి కార్డు మీది పెన్ డ్రైవ్‌ను చూడలేదు. కాబట్టి కంప్యూటర్‌ను పెన్ డ్రైవ్ నుంచి ప్రారంభించవలసి వచ్చినప్పుడు మదర్‌బోర్డు సొంత పోర్టునే వాడండి.

ప్రశ్న: ముందువైపు యూఎస్‌బీ 3.0 పోర్టులు రెండింటిలో ఒకదానిలో పెట్టిన డిస్కు వేగంగా కాపీ అవుతుంది, రెండోదానిలో పెడితే సెకనుకు 40 మెగాబైట్లు దాటదు. ఏ లోపం సూచనా కనిపించడం లేదు.

జవాబు: ఆ 40 అన్న అంకే లోపం ఎక్కడుందో చెబుతోంది. అది యూఎస్‌బీ 2.0 మీద వాస్తవంగా అందే గరిష్ఠ వేగానికి దగ్గరి అంకె. యూఎస్‌బీ 3.0 పోర్టులో పాత 2.0 డేటా జత ఒకటి, కొత్త వేగానికి పంపే జత, అందుకునే జత వేరుగా ఉంటాయి. కొత్త జతల్లో ఒక్క పిన్ను తగలకపోయినా పరికరం నోరెత్తకుండా పాత జత మీదికి దిగిపోయి పనిచేస్తూనే ఉంటుంది. ముందుగా ఆ రెండో పోర్టులోని సాకెట్‌లో దుమ్ము గానీ వంకర గానీ ఉందేమో చూడండి. అక్కడ బాగుంటే 19 పిన్నుల ప్లగ్గునే అనుమానించాలి. ఆ హెడర్‌లో పిన్నుల మధ్య ఎడం 2 మిల్లీమీటర్లే. 9 పిన్నుల హెడర్‌లో అది 2.54 మిల్లీమీటర్లు. అంత సన్ననివి కావడంతో, బిరుసైన కేబుల్‌ను ఏటవాలుగా నెట్టినప్పుడు ఇట్టే వంగుతాయి.

ప్లగ్గును తీసేటప్పుడు కేబుల్ పట్టుకొని లాగవద్దు; అలా లాగితే హెడర్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ గూడు కూడా ప్లగ్గుతో పాటు ఊడి రావచ్చు. ఒక చేతి వేళ్లతో ఆ గూడును బోర్డుకు అదిమి పట్టి, రెండో చేత్తో ప్లగ్గును నిటారుగా పైకి తీయండి. టార్చి వెలుగులో వంగిన పిన్ను కనిపిస్తే, ములుకు తీసేసిన మెకానికల్ పెన్సిల్ గొట్టాన్ని దాని మీదికి దించి మెల్లగా నిలబెట్టవచ్చు. ఒక్కసారి నిలబెడితే సరిపోతుంది. అటూ ఇటూ వంచితే విరుగుతుంది.

ప్రశ్న: కంప్యూటర్ షట్‌డౌన్ చేసిన తర్వాత కూడా లోపలి హబ్‌కు తగిలించిన పరికరం లైటు వెలుగుతూనే ఉంది. ప్రమాదమా?

జవాబు: ప్రమాదం లేదు. కంప్యూటర్ ఆగినా ఎస్ఎంపీఎస్ 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటును ఇస్తూనే ఉంటుంది, చాలా మదర్‌బోర్డులు దాన్ని యూఎస్‌బీ హెడర్లకు పంపుతాయి. బయోస్‌లో ఈఆర్‌పీ అనే కరెంటు ఆదా అమరిక ఉంటే దాన్ని ఎనేబుల్ చేయండి, లైటు ఆరిపోతుంది. అయితే ఆ తర్వాత కీబోర్డు మీట నొక్కి కంప్యూటర్‌ను ప్రారంభించే సౌకర్యం ఉండదు, పవర్ బటన్‌నే నొక్కవలసి ఉంటుంది.