సోలార్ సంగతి తర్వాత, ముందు మందుల చీటీ సంగతి చూడు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

దర్శిలో మీ ఆసుపత్రికి స్లాబ్ పడిందనీ, ఇరవై పడకలతో మొదలుపెడతారనీ మీ అమ్మ చెప్పింది. నీ మెసేజీ కూడా చూశాను. ‘మా ఆసుపత్రి వల్ల ఊరికి, నేలకి చెరుపు జరగకూడదు పెద్దమ్మా, పైన సోలార్ పెట్టిస్తున్నాం, ఇంకేం చెయ్యమంటావు?’ అని అడిగావు. ఫోన్లో చెబితే సగం నువ్వు మర్చిపోతావు, సగం నేను మర్చిపోతాను. అందుకే రాస్తున్నా. నేను డాక్టర్ని కాను. సర్కారు ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైనదాన్ని. డాక్టర్లు రౌండ్స్ ముగించి వెళ్లిపోయాక వార్డులో ఏం మిగులుతుందో ఏళ్ల తరబడి చూసినదాన్ని కాబట్టి ఆ వైపు నుంచే చెబుతాను.

సోలార్ పెట్టించు. మన ఎండల్ని ఊరికే పోనివ్వడం కూడా దుబారానే. కాకపోతే దాంతోనే పని అయిపోయిందనుకోకు. ప్రపంచం మొత్తం వదిలే కర్బన ఉద్గారాల్లో దాదాపు 4.4 శాతం వైద్యరంగానివేనని 2019లో హెల్త్ కేర్ వితౌట్ హార్మ్ అనే సంస్థ లెక్క కట్టింది. అందులో 70 శాతం వరకూ మందులు, సిరంజీలు, గ్లోవులు, పరికరాలు, ఇలా మనం కొనే సరుకుల తయారీ వల్ల, రవాణా వల్ల వచ్చేదే. అది నీ కరెంటు బిల్లులో ఎక్కడా కనపడదు. నువ్వు రాసే చీటీలో ఉంటుంది.

సెలైన్ సంగతే తీసుకో. దొనకొండ నుంచో కురిచేడు నుంచో రెండు రోజుల జ్వరంతో ఒకాయన వస్తాడు. ‘నీరసంగా ఉందమ్మా, ఒక బాటిల్ ఎక్కించు’ అంటాడు. మన జిల్లాల్లో ఈ మాట వినని డాక్టరు ఉండడు. ఎక్కించావే అనుకో, ఒక బాటిల్, ఒక ఐవీ సెట్టు, ఒక క్యాన్యులా, సిరంజీ, గ్లోవులు, ప్లాస్టరు, దూది, ఇదంతా చెత్తే. ఆయన ఒంట్లోకి వెళ్లిందేమిటి? అయిదు శాతం డెక్స్‌ట్రోజ్ అరలీటరులో ఉండేది 25 గ్రాముల చక్కెర. ఆయన భార్య క్యాంటీన్ నుంచి రెండు ఇడ్లీలు తెచ్చి పెట్టినా అంత శక్తి వస్తుంది. నోటితో తాగగలిగిన మనిషికి సూది గుచ్చి నీళ్లు ఎక్కించడం వైద్యం కిందికి రాదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ముదిరి, సెలైన్ నిండుకుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించారు. అక్కడ నూటికి ముప్పై దాకా పోతున్న ప్రాణాలు నాలుగు లోపుకి తగ్గాయి. కలరాకే సరిపోయిన మందు మన నీరసాలకు సరిపోదా?

కాదంటే పేషెంట్ పక్క సందులోకి పోతాడని నీ భయం. పోతాడు కొందరు. అందుకు నాకు తెలిసిన దారి ఒకటుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ చేతికిచ్చి పంపెయ్యకు. సిస్టర్ చేత అక్కడే లీటరు నీళ్లలో కలిపించి, మొదటి గ్లాసు నీ ఎదుటే తాగించు. ఏదో చేశారన్న తృప్తి వాళ్లకు ఉంటుంది. ఇంకొకటి, ఇది అల్లుడుగారికి కూడా చదివి వినిపించు. ఓపీ ఫీజు మరీ తక్కువ పెట్టి, మిగతాది బాటిళ్ల మీదా, టెస్టుల మీదా రాబట్టుకుందాం అనే లెక్క వేసుకోవద్దు. అట్టా మొదలుపెట్టాక ఎంత మంచి డాక్టరుకైనా ప్రతి నీరసమూ బాటిల్ కేసులాగే కనపడుతుంది. పది నిమిషాలు కూర్చుని మాట్లాడినందుకు న్యాయమైన ఫీజు తీసుకో. సిగ్గుపడకు.

కమీషన్ల సంగతీ ఇక్కడే చెప్పెయ్యాలి. బోర్డు పెట్టిన నెలలోపే ఊళ్లలోంచి ఆర్‌ఎంపీలు, ఆటోవాళ్లు వస్తారు. కేసు పంపితే ఎంత అని అడుగుతారు. 2002 నాటి వైద్య మండలి నియమాల్లోనే అది తప్పని రాసి ఉంది, అయినా నడుస్తూనే ఉంది. నేను నీతి పాఠం చెప్పబోవడం లేదు, లెక్క చెబుతున్నా. ఆ డబ్బు నీ జేబులోంచి పోదు. అవసరం లేని స్కానింగు, ఒక రోజు ఎక్కువ అడ్మిషన్, ఇంకో రెండు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు, వీటిలోంచి వస్తుంది. పేషెంటు పుస్తెలతాడు తాకట్టు పెట్టి ఆ బిల్లు కడతాడు, నీ వెనక సందులో చెత్త కవర్ల సంఖ్య పెరుగుతుంది. రెండూ ఒకే చోట మొదలవుతాయి. మొదటి రోజే లేదని చెప్పు. మొదటి నెల ఇచ్చి రెండో నెల మానెయ్యడం ఎవరివల్లా కాదు.

కాన్పుల విషయంలో నీకు నేను చెప్పేంతదాన్ని కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో, అంటే 2019-21లో, మన రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్లేనని తేలింది. ముహూర్తం చూసుకుని వచ్చే అత్తమామల్ని ఎదుర్కోవడానికి లేబర్ రూమ్‌లో రాత్రిళ్లు నిలబడగలిగే సిస్టర్లు ఇద్దరైనా కావాలి. వాళ్లకు జీతం బాగా ఇవ్వు. మామూలు కాన్పు కోసం ఎదురుచూసే ఓపిక డాక్టరు ఒక్కరికి ఉంటే చాలదు.

యాంటీబయాటిక్స్ కూడా అంతే. మా కావలి వైపు రొయ్యల చెరువుల్లో మందులు కొడుతున్నారని అందరం తిడుతుంటాం. తిట్టాల్సిందే. కానీ జలుబుకి అజిత్రోమైసిన్ రాసే చేత్తో రొయ్యల రైతుని వేలెత్తి చూపించలేం. అలాంటి మాత్రలు తయారయ్యే చోట ఏం జరుగుతుందో కూడా తెలుసుకో. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధి చేసి వదిలిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు బయటపెట్టారు. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ అది. మెడికల్ రెప్‌లు తెచ్చే శాంపిళ్లు డ్రాయర్లో పోగెయ్యకు. ఆరు నెలల్లో అవన్నీ గడువు తీరి పసుపు చెత్త కవర్లోకే పోతాయి.

ఇక కవర్లు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు నీకు పరీక్షకు వచ్చే ఉంటాయి. రక్తం అంటిన దూది, కట్లు, గడువు తీరిన మందులు పసుపులో, సెలైన్ బాటిళ్లు, ట్యూబులు, సూది తీసిన సిరంజీలు ఎరుపులో, సూదులు, బ్లేళ్లు తెల్ల డబ్బాలో, గాజు వయల్స్ నీలం డబ్బాలో వెయ్యాలి. గోడ మీద చార్టు అతికిస్తే ఇదంతా దానంతటదే జరగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆసుపత్రి చెత్తలో 85 శాతం మామూలు చెత్తే. పేషెంటు వెంట వచ్చినవాళ్లు అరటి తొక్క, టీ కప్పు తీసుకెళ్లి పసుపు బుట్టలో వేస్తారు, అంతా అంటు చెత్త అయి కూర్చుంటుంది, ఆసుపత్రి చెత్త తీసుకెళ్లి శుద్ధి చేసే ప్లాంటు వాళ్లకు కేజీల లెక్కన డబ్బు కట్టేది నువ్వు. మనుషులు అడిగేది మామూలు చెత్తబుట్టే కాబట్టి అది పెద్దదిగా, మంచాల దగ్గర, వరండాలో, మెట్ల కింద పెట్టు. రంగు బుట్టలు సిస్టర్ చేతికి అందే చోట, ట్రాలీ పక్కన ఉండాలి. ఇంత చిన్న మార్పుతో సగం గొడవ తగ్గుతుంది.

ప్లాంటు బండి రావడం ఆలస్యమవుతుంది. 48 గంటలకు మించి చెత్త ఉంచకూడదని నియమం, కానీ పండగలకు, వానలకు బండి రాదు. అప్పుడు ఆయమ్మ ‘వెనకాల తగలబెట్టేస్తానమ్మా’ అంటుంది. ఒక్కసారి సరేనన్నావా, ఇక అదే అలవాటు. ఆ పొగలో డయాక్సిన్లనే విషాలు ఉంటాయి, అవి పక్కింటి పాడి గేదె పాలలోకి కూడా చేరతాయి. తాళం ఉన్న గది ఒకటి ఇప్పుడే ప్లానులో పెట్టించుకో. బండి నంబరు, తూకం రాసుకునే పుస్తకం, బార్‌కోడ్ స్టిక్కర్లు అన్నీ ఒక మనిషి బాధ్యతగా ఉండాలి. సిరంజీలూ, సెట్లూ పారేసేముందు కత్తిరించాల్సిందే. 2009లో గుజరాత్‌లోని మోడాసాలో హెపటైటిస్ బి వచ్చి పదుల మంది చనిపోయినప్పుడు, వాడేసిన సిరంజీల్ని మళ్లీ అమ్మే వ్యాపారం బయటపడింది. ఎవరో ఒకరి ఆసుపత్రి వెనక గేటు నుంచే కదా అవి వెళ్లాయి!

ఈ చెత్త మోసేవాళ్ల గురించి నీ మెసేజీలో ఒక్క మాట లేదు. అందుకే నొక్కి చెబుతున్నా. స్వీపరు, ఆయా, లాండ్రీ మనిషి, అందరికీ హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, టెటనస్ నీ ఖర్చుతో వేయించు. నిబంధన కూడా అదే. సూది గుచ్చుకుంటే అందరూ హెచ్‌ఐవీ అని వణుకుతారు. దాని ముప్పు 0.3 శాతం. టీకా లేని మనిషికి హెపటైటిస్ బి ముప్పు 30 శాతం దాకా ఉంటుంది. కాంట్రాక్టరు మనుషులని వదిలెయ్యకు. సూది గుచ్చుకున్న పిల్ల భయపడి దాచిపెడితే మందు మొదలుపెట్టాల్సిన గంటలు గడిచిపోతాయి. తిట్టకుండా ఉంటేనే వచ్చి చెబుతారు.

మళ్లీ వాడుకునేవి, వాడకూడనివి విషయంలో గందరగోళం పెట్టుకోవద్దు. సూది, సిరంజీ, ఐవీ సెట్టు ఒక్కసారికే. పర్యావరణం పేరు చెప్పి అక్కడ ఆదా చేస్తే అది నేరం. కానీ ఓటీ గౌన్లు, పేషెంటు మీద కప్పే డ్రేప్‌లు గుడ్డవి పెట్టు. ఉతికించి ఆటోక్లేవ్‌లో ఆవిరితో శుద్ధి చేయించుకో. స్టీలు ట్రేలు, స్టీలు బౌల్స్ కొను. ఏజెంట్లు డిస్పోజబుల్ కిట్ అని మెరిసే కవర్లలో తెస్తారు, విప్పితే సగం సామాను అక్కర్లేనిదే. మదురై అరవింద్ కంటి ఆసుపత్రిలో ఒక శుక్లం ఆపరేషన్‌కి అయ్యే కర్బన భారం బ్రిటన్‌లో అయ్యేదాంట్లో దాదాపు 5 శాతమేనని 2017లో ఒక అధ్యయనం చూపించింది. ఇన్ఫెక్షన్లు అక్కడ ఎక్కువేమీ లేవు. పరికరాలు శుభ్రంగా స్టెరిలైజ్ చేసి వాడతారు, పని వరుసగా పోతుంది, అంతే.

మత్తు డాక్టరుగారు నైట్రస్ ఆక్సైడ్‌కి పైప్‌లైన్ వేయిద్దామంటారేమో. వద్దను. పైపుల జాయింట్ల దగ్గర కారిపోతూనే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ కంటే 270 రెట్లు వేడి పెంచే గ్యాసు, గాలిలో నూరేళ్లు పైగా ఉంటుంది. కావాలంటే చిన్న సిలిండరు చాలు. డెస్‌ఫ్లూరేన్ అనే మత్తుమందు అయితే అసలే కొనవద్దు. అది 2,500 రెట్లు. యూరప్‌లో 2026 జనవరి నుంచి తప్పనిసరి అయితే తప్ప వాడకూడదన్నారు. చీమకుర్తి గ్రానైట్ దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైనవాళ్లు నీ దగ్గరకు చాలామందే వస్తారు. గట్టిగా పీల్చగలిగినవాళ్లకు స్ప్రే ఇన్‌హేలర్ బదులు పొడి మందు రోటాక్యాప్స్ ఇవ్వు. చవక, పైగా స్ప్రేలో ఉండే వేడి పెంచే గ్యాసు అందులో ఉండదు. పసిపిల్లలకు, ఆయాసం ముదిరినవాళ్లకు మాత్రం స్ప్రేనే కావాలి. వాళ్ల దగ్గర పొదుపు మాట ఎత్తకు. ఏసీలు 24 మీద పెట్టించు. చల్లగా లేదని అలిగేది పేషెంట్లు కాదు, వాళ్లను చూడ్డానికొచ్చేవాళ్లు.

అన్నిటికంటే తొందరపడాల్సింది నీళ్ల సంగతి, ఎందుకంటే మీకింకా ఫ్లోరింగ్ పడలేదు. రెండు డయాలసిస్ మిషన్లు పెడతామన్నారట. నాలుగు గంటల డయాలసిస్‌కి ఒక్కో మనిషికి 120 లీటర్ల శుద్ధనీళ్లు మిషన్‌లోంచి పోతాయి. వాటిని తయారుచెయ్యడానికి ఆర్‌ఓ వదిలేసే నీళ్లు వేరే. ఆ వదిలేసిన నీళ్లు పేషెంటు దాకా వెళ్లినవి కావు కాబట్టి అంటు భయం లేదు. వాటికి విడిగా ఒక ట్యాంకు కట్టించి, టాయిలెట్ ఫ్లష్‌లకు, నేల కడగడానికి లైను వేయించు. అయితే దర్శి, పొదిలి, కనిగిరి బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుందని తెలుసు కదా, ఆర్‌ఓ వదిలే నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది. ఆ కొళాయి బయట పెట్టొద్దు, ఎవరో ఒకరు బిందె పట్టుకుపోతారు, గేదెలకు పెడతారు. కొళాయి మీద ఎర్ర రంగు వేయించు. ఓటీ, ల్యాబ్, లేబర్ రూమ్ నీళ్లు శుద్ధి చెయ్యకుండా మురుగు కాలవలోకి వదలకూడదు. వాటికి ఈటీపీ, అంటే మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు, వైపు వేరే పైపు కావాలి. మామూలు మురుగు లైనుతో కలిపి మొత్తం మూడు లైన్లు. ప్లంబరు ఒకటి చాలంటాడు, వినకు. ప్లాను కాపీ ఈ వారంలో పంపు. పైపులు ఎక్కడెక్కడ తిప్పాలో నేను పెన్సిల్‌తో గీసి, ఆదివారం మీ బాబాయి చేత పంపిస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ,
కావలి.