విదేశంలో చిక్కుకుంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి చదువుతున్న దేశంలో పరిస్థితి పాడవుతోంది. ఎంబసీ అడ్వైజరీ ఇచ్చింది. కాలేజీ వాళ్లేమో క్లాసులు మానొద్దంటున్నారు. ముదిరితే ప్రభుత్వం ఎలాగూ విమానం పంపుతుంది కదా, అప్పటిదాకా ఆగవచ్చా?

జవాబు: ఆగవద్దండీ. మామూలు టికెట్ దొరుకుతున్నప్పుడే రప్పించండి. ఉండక తప్పని పని లేనివాళ్లు, ముఖ్యంగా విద్యార్థులు, తాత్కాలికంగా దేశం విడిచే ఆలోచన చేయమని 2022 ఫిబ్రవరి 15న ఉక్రెయిన్‌లోని భారత ఎంబసీ చెప్పింది. ఆన్‌లైన్ క్లాసుల సంగతి తేలక చాలామంది ఉండిపోయారు. 24న యుద్ధం మొదలై గగనతలం మూతపడింది. ఆ ఉదయం కీవ్‌కు బయల్దేరిన ఎయిరిండియా విమానం దారిలోనే వెనక్కి తిరిగింది. ఆ తర్వాత విద్యార్థులు పోలండ్, రుమేనియా, హంగరీ, స్లొవేకియా సరిహద్దుల దాకా రైళ్లలో, బస్సుల్లో, కొందరు నడిచి చేరాల్సి వచ్చింది. విమానాలు ఎక్కింది ఆ దేశాల నుంచే.

ప్రభుత్వం ఆలస్యం చేస్తోందన్న కోపం సహజమే. అయితే ఎంబసీ ఉన్నది పరాయి గడ్డ మీద. పౌరుల ప్రయోజనాలు కాపాడే పనిని 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం దానికి అప్పగించింది, అదీ అంతర్జాతీయ చట్టం అనుమతించిన మేరకే. విమానం దిగాలంటే ఆ దేశం ఒప్పుకోవాలి. రెండు పక్షాలు పోరాడుతుంటే ఇద్దరి హామీ కావాలి. మధ్యలో దిగే దేశం వీసా లేనివాళ్లను రానివ్వాలి. 2015లో యెమెన్‌లో సనా విమానాశ్రయం వాడుకోవడానికి రోజుకు కొన్ని గంటలే దొరికేవి. ఏడెన్ రేవు నుంచి నౌకల్లో ఎదుటి ఆఫ్రికా తీరంలోని జిబూతి దేశానికి చేర్చి, అక్కడ విమానం ఎక్కించారు. 2023లో సూడాన్‌లో ఖార్టూమ్ విమానాశ్రయమే రణరంగమైంది. చాలామంది 800 కిలోమీటర్లకు పైగా బస్సుల్లో పోర్ట్ సూడాన్ చేరి, అక్కణ్నుంచి సౌదీలోని జెద్దాకు వెళ్లారు.

అందుకే, విమానం కంటే దానికి ముందు చేసే ప్రయాణమే ప్రమాదకరం: ఉన్న గది నుంచి గుమిగూడే చోటు దాకా. ఇంటి ముందుకు ఎంబసీ వాహనం రావడం చాలా అరుదు. కాల్పులు జరుగుతుంటే ‘కదలొద్దు’ అన్న సూచనను కూడా ‘వచ్చేయండి’ అన్నంత గట్టిగా పాటించాలి.

ప్రశ్న: ఎంబసీలో పేరు నమోదు చేసుకున్నాం. అది చాలదా?

జవాబు: ఆ వివరాలు తాజాగా ఉంటేనే పనికొస్తాయి. ఇల్లు మారినా ఫోన్ నంబరు మారినా వెంటనే తెలపాలి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయాలి, ఎందుకంటే ప్రయాణికుల జాబితా ముందుగానే ఆతిథ్య దేశానికీ, మధ్యలో దిగే దేశానికీ వెళ్తుంది. అందులో లేని మనిషిని చివరి నిమిషంలో ఎక్కించడం కష్టం. సొంతంగా బయటపడినవాళ్లు ఆ సంగతి ఎంబసీకి చెప్పాలి. లేకపోతే సిబ్బంది లేని మనిషి కోసం వెతుకుతూ ఉంటారు. నెట్‌వర్క్ పోతుందనే లెక్కలోనే సిద్ధపడండి: పాస్‌పోర్టు, వీసా కాపీలు కాగితం మీద, ఎంబసీ నంబర్లు చేత్తో రాసుకుని, చిన్న నోట్లలో డాలర్లు, మూడు రోజుల నీళ్లు, తిండి, వాడే మందులు, పవర్ బ్యాంకు. సైనిక విమానంలో పెద్ద సూట్‌కేసుకు చోటుండదు, చేత్తో మోయగల ఒక్క సంచీ చాలు.

ప్రశ్న: మావారి పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంది. ఎలా బయటపడాలి?

జవాబు: పాస్‌పోర్టుకు బదులుగా భారత ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇవ్వగలదు. అది స్వదేశానికి ఒకవైపు ప్రయాణానికే చెల్లుతుంది. పౌరసత్వం రుజువు చేయాలి కాబట్టి పాస్‌పోర్టు ఫొటో ఈ రోజే మీ ఫోన్‌లోనూ పెట్టుకోండి. ఎక్కువమంది ఊహించని అడ్డంకి ఇంకొకటుంది. సర్టిఫికెట్ చేతిలో ఉన్నా, కొన్ని దేశాల్లో అక్కడి ప్రభుత్వ ఎగ్జిట్ పర్మిట్ (దేశం విడిచే అనుమతి) లేనిదే గేటు దాటనివ్వరు. వీసా గడువు దాటిన జరిమానాలూ ఉండవచ్చు. మినహాయింపు అడగాల్సింది ఎంబసీయే కనుక, ఈ రెండు సంగతులూ దాచకుండా మొదటి ఫోన్‌లోనే చెప్పమనండి.

ప్రశ్న: రెండు పౌరసత్వాలు ఉన్నవారిని ఏ దేశం తీసుకెళ్తుంది?

జవాబు: చిక్కుకున్నది ఆ రెండింటిలో ఒక దేశంలోనే అయితే, రెండో దేశం చేయగలిగింది బాగా తగ్గిపోతుంది. తన పౌరుణ్ని అతని మరో పౌరసత్వ దేశానికి వ్యతిరేకంగా ఏ దేశమూ దౌత్యపరంగా రక్షించజాలదని 1930 హేగ్ ఒప్పందం నాలుగో అధికరణం చెబుతోంది. యుద్ధకాలంలో 18 నుంచి 60 ఏళ్ల మగవాళ్లు దేశం దాటకుండా ఉక్రెయిన్ పెట్టిన ఆంక్ష రెండో పాస్‌పోర్టు ఉన్నవారికీ తగిలింది. భారత్ విషయానికొస్తే, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు. ఆ కార్డున్నవారు ముందుగా తమ పాస్‌పోర్టు దేశపు ఎంబసీని సంప్రదించాలి. తమ దేశపు ఎంబసీ లేని చోట యూరోపియన్ యూనియన్ పౌరులు మరో సభ్య దేశపు ఎంబసీని ఆశ్రయించవచ్చు.

ప్రశ్న: తరలింపు ఖర్చు ఎవరిది?

జవాబు: అన్నిసార్లూ ఉచితం కాదు. ఉక్రెయిన్ నుంచి విద్యార్థులను భారత్ ఉచితంగా తెచ్చింది. 2020లో కోవిడ్ వేళ నడిపిన వందే భారత్ విమానాలకు మాత్రం ప్రయాణికులే టికెట్టు కొన్నారు. అమెరికా సాధారణంగా ప్రామిసరీ నోటు మీద సంతకం తీసుకుంటుంది. వసూలు చేసేది సంక్షోభానికి ముందున్న సముచితమైన వాణిజ్య విమాన ఛార్జీని మించకూడదన్నది అక్కడి చట్టం. ప్రయాణ బీమా ఉంది కదా అనుకోకండి, చాలా పాలసీలు యుద్ధాన్ని మినహాయిస్తాయి. ‘మినహాయింపులు’ అన్న పేజీ చదివాకే కొనండి.